చేతికందిన శిలాజం: పర్యటనలు నడిపే పురాజీవశాస్త్రజ్ఞుల బాధ్యత

శిలాజాలు లభించే ప్రదేశాలకు సామాన్య ప్రజలను తీసుకువెళ్లి, అక్కడి శిలలను చదవడం నేర్పే పర్యటనలు ఇంగ్లండ్, కెనడా వంటి దేశాల్లో చాలాకాలంగా సాగుతున్నాయి. వీటికి పురాజీవశాస్త్రం తెలిసినవారే ఎందుకు కావాలి? ఎముక పేరు, వయస్సు చెప్పడానికైతే ఒక బోర్డు చాలు. అయితే శాస్త్రానికి అసలు సాక్ష్యం శిలాజం ఒక్కటే కాదు; అది ఏ పొరలో, ఏ దిశలో, వేటి పక్కన పడి ఉన్నదో ఆ వివరం కూడా. సందర్శకుడు ముచ్చటపడి దానిని జేబులో వేసుకుంటే రాయి మిగులుతుంది, సాక్ష్యం పోతుంది. కాబట్టి సందర్శకుడి చేతిని ఎక్కడ అనుమతించాలి, ఎక్కడ ఆపాలి అన్న నిర్ణయమే ఈ వృత్తికి కేంద్రం. ఇంగ్లండ్‌లోని లైమ్ రీజిస్, కెనడాలోని ఆల్బర్టా ఈ ప్రశ్నకు భిన్నమైన సమాధానాలు చెప్పాయి.

దక్షిణ ఇంగ్లండ్‌లోని డోర్సెట్, తూర్పు డెవాన్ సముద్రతీరం సుమారు 155 కిలోమీటర్ల పొడవున 18.5 కోట్ల సంవత్సరాల భూచరిత్రను చూపుతుంది. యునెస్కో 2001లో దీనిని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. ఈ తీరంలోని లైమ్ రీజిస్ పట్టణంలో జురాసిక్ యుగారంభానికి చెందిన సున్నపురాయి, బంకమట్టి రాతిపొరలు ఒకదానిపై ఒకటి పేర్చినట్లు కనిపిస్తాయి. వాటిలో విరివిగా దొరికేవి అమ్మోనైట్లు. తెలుగువారి పూజామందిరాల్లోని సాలగ్రామం ఎరిగినవారికి ఈ చుట్టల ఆకారం కొత్త కాదు. నేపాల్‌లోని గండకీ నదిలో లభించే సాలగ్రామాలు కూడా అమ్మోనైట్ శిలాజాలే.

ఇక్కడ చలికాలపు తుపానులకు కొండచరియలు విరిగిపడుతూనే ఉంటాయి. రాలిన శిలాజాన్ని ఎవరూ ఏరుకోకపోతే అలలు దానిని కొద్దికాలంలోనే అరగదీస్తాయి. అందువల్ల ఏరుకోవడాన్ని నిషేధిస్తే శిలాజాలు దక్కవు, సముద్రంపాలవుతాయి. మ్యూజియం తరఫున నడక సాగించే గైడు ముందుగా ఆటుపోట్ల పట్టిక చూసి బయలుదేరే వేళను నిర్ణయిస్తాడు. చరియ అడుగుకు వెళ్లవద్దనీ, చరియను సుత్తితో కొట్టవద్దనీ, తీరంలో విడిగా పడి ఉన్న రాళ్లలోనే వెతకాలనీ చెబుతాడు. దొరికిన చిన్న అమ్మోనైట్‌ను పిల్లలు ఇంటికి తీసుకువెళ్లవచ్చు. శాస్త్రీయంగా ముఖ్యమైనది దొరికితే మాత్రం దాని వివరాలు నమోదు చేయించాలని స్థానిక సేకరణ నియమావళి కోరుతుంది. ఏది సాధారణం, ఏది అరుదైనది అని తీరం మీదనే తేల్చగలగడానికి కంఠస్థం చేసిన ఉపన్యాసం సరిపోదు. అందుకు శాస్త్రజ్ఞుడి కన్ను కావాలి.

ఈ సంప్రదాయానికి మూలం తలకిందులుగా ఉండడం విశేషం. ఈ తీరంలో తొలినాటి గొప్ప మార్గదర్శి మేరీ ఆనింగ్ (1799–1847) ఉన్నత విద్య లేని పేద వడ్రంగి కుమార్తె. ఆమె వెంట నడిచి నేర్చుకున్నవారు శాస్త్రజ్ఞులు. విలియం బక్లాండ్ ఆమెతో కలిసి శిలాజాలు వెతికాడు. 1834లో లైమ్ రీజిస్‌కు వచ్చిన చేపల శిలాజ నిపుణుడు లూయీ అగస్సీ ఆమె సహాయాన్ని గుర్తించి, ఆమె పేరును శిలాజ మత్స్యాలకు పెట్టాడు. ‘బెజోర్ రాళ్లు’గా పిలిచే వింత ఉండలు ఇక్తియోసార్ అస్థిపంజరాల ఉదరభాగంలో కనిపిస్తున్నాయని ఆమె గమనించింది. అవి శిలాజీభవించిన మలమని 1829లో బక్లాండ్ ప్రకటించడానికి ఆ పరిశీలన తోడ్పడింది. తీరంలో విడిగా ఏరిన ఉండ ఈ సంగతి చెప్పగలిగేది కాదు. అది ఉన్న చోటే చెప్పింది. లండన్ జియలాజికల్ సొసైటీ స్త్రీలను సభ్యులుగా ఎన్నుకోవడం 1919లో గాని మొదలు కాలేదు. నేటి లైమ్ రీజిస్ మ్యూజియం ఆమె జన్మించిన ఇంటి స్థలంలోనే ఉంది.

ఆల్బర్టాలోని డైనోసార్ ప్రొవిన్షియల్ పార్కు 1979లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. సుమారు 7.5 కోట్ల సంవత్సరాల నాటి క్రిటేషియస్ పొరల్లో ఇక్కడ 40కి పైగా డైనోసార్ జాతులు వెలుగుచూశాయి. అక్కడ సముద్రం లేదు. వాన, గాలి పొరలను మెల్లగా కోస్తాయి. ఆ రాష్ట్ర చట్టం ప్రకారం శిలాజాలు ప్రభుత్వ ఆస్తి, తవ్వకానికి అనుమతిపత్రం తప్పనిసరి. పార్కులో శిలాజం ఏరడం నిషిద్ధం, లోపలి రక్షిత ప్రాంతంలోకి గైడు వెంట తప్ప ప్రవేశం లేదు. సెంట్రోసారస్ అనే కొమ్ముల డైనోసార్ల ఎముకలు గుట్టలుగా పడి ఉన్న చోటికి సందర్శకులను నడిపించి తీసుకువెళతారు. ఎముకలు అలా ఒకే చోట చేరడం, అవి విరిగిన తీరు, వాటిని నీరు కదిలించిన ఆనవాళ్లు చూసి ఒక మంద వరదలో చనిపోయి ఉంటుందని శాస్త్రజ్ఞులు ఊహించారు. ఒక్కొక్క సందర్శకుడు ఒక్కొక్క ముక్క తీసుకుపోతే ఆ ఊహను మళ్లీ పరీక్షించే ఆధారమే చెదిరిపోతుంది. అక్కడి గైడు వేలితో చూపించే ఎముక అక్కడే ఉండిపోవాలి.

భారతదేశంలో ఈ రెండు పద్ధతులలో ఏది తగినదన్న చర్చకు గుజరాత్‌లోని రాయోలి ఒక ఆధారం. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 1980ల ఆరంభంలో అక్కడ డైనోసార్ ఎముకలను, గుడ్లను గుర్తించింది. ఆ ప్రాంతపు ఎముకల ఆధారంగా 2003లో రాజాసారస్ నామకరణం పొందింది. 2019లో మ్యూజియం తెరుచుకుంది. బాలాసినోర్ రాజకుటుంబానికి చెందిన ఆలియా సుల్తానా బాబి శాస్త్రజ్ఞుల వెంట తిరిగి నేర్చుకున్న విషయాలను సందర్శకులకు వివరిస్తూ ఆ స్థలానికి ప్రచారం తెచ్చారు. మేరీ ఆనింగ్ కథకు ఇది దూరపు ప్రతిధ్వని అనిపిస్తుంది. శాస్త్రజ్ఞుడు నిత్యం అందుబాటులో లేని చోట స్థానికులకు శిక్షణ ఇవ్వడమే అతడు చేయదగిన పెద్ద పని.

తెలుగు ప్రాంతానికి ఈ చర్చతో నేరుగా సంబంధం ఉంది. ప్రాణహిత–గోదావరి లోయలోని కోట శిలాసముదాయం జురాసిక్ యుగానిది. 1961 ప్రాంతంలో అక్కడ తవ్విన ఎముకలకు 1975లో బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. ‘బరా పా’ అంటే బెంగాలీలో పెద్ద కాలు. తవ్వకాలు సాగిన సంవత్సరం ఠాగూర్ శతజయంతి. ఆ అస్థిపంజరం కోల్‌కతాలోని భారత గణాంక సంస్థలో నిలబడి ఉంది. 1988లో యాదగిరి వర్ణించిన కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ ఒక గ్రామం పేరును మోస్తూ హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ సెంటర్‌లో కనిపిస్తుంది. రెండు అస్థిపంజరాలూ నగరాలకు చేరాయి. చేపల శిలాజాలను దాచుకున్న సున్నపురాయి, డైనోసార్లు పూడుకుపోయిన మట్టిపొరలు మాత్రం ఆ లోయలోనే ఉన్నాయి. ఒకే శిలాసముదాయంలో నీటి జీవులు, నేల జీవులు ఎలా చేరాయన్న ప్రశ్న ఆ పొరల ముందు నిలబడి అడగవలసినది.