వెర్మీర్ కిటికీ దగ్గర కోర్టు కాగితం

ఒక యువతి కిటికీ పక్కన నిలబడి ఉత్తరం చదువుకుంటోంది. డచ్ చిత్రకారుడు యొహానెస్ వెర్మీర్ 1650ల చివర్లో వేసిన ఈ చిత్రం జర్మనీలోని డ్రెస్డెన్ మ్యూజియంలో ఉంది. 1997లో లండన్ ఫొటోగ్రాఫర్ టామ్ హంటర్ దీన్ని కెమెరాతో మళ్లీ సృష్టించారు. ఎడమవైపు కిటికీ అదే, దాన్నుంచి పడే వెలుగు అదే, తల వంచి చదివే తీరూ అదే. కానీ ఈమె చేతిలో ఉన్నది పొసెషన్ ఆర్డర్ (ఇల్లు ఖాళీ చేయించే కోర్టు ఉత్తర్వు). వెర్మీర్ పళ్ల పళ్లెం పెట్టిన చోట ఇక్కడ పసిబిడ్డ ఉంది.

దీన్ని స్టేజ్డ్ ఫొటోగ్రఫీ (మనుషులను, వస్తువులను, వెలుగును ముందే అమర్చుకొని తీసే పద్ధతి) అంటారు. ఇది పనిచేసే తీరు చూడండి. మన కన్ను ముందుగా పాత చిత్రాన్ని గుర్తుపడుతుంది. దానిమీద మనకున్న గౌరవం ఫొటోలోని మనిషికీ అందుతుంది. తేడా ఆ తర్వాతే కనిపిస్తుంది.

హంటర్‌కు కావలసింది ఆ గౌరవమే. అప్పట్లో లండన్‌లోని హాక్నీలో ఆయనా, ఆయన ఇరుగుపొరుగువారూ స్క్వాటర్లు (ఖాళీ ఇళ్లలో అనుమతి లేకుండా చేరి ఉండేవాళ్లు). కోర్టు కాగితాల్లో వాళ్లకు పేర్లుండేవి కావు, 'గుర్తుతెలియని వ్యక్తులు' అని ఉండేది. హంటర్ తన ఫొటోల వరుసకు ఆ మాటే పేరుగా పెట్టారు. కిటికీ దగ్గరి ఆ ఫొటో వల్ల కౌన్సిల్‌తో (స్థానిక పాలక సంస్థతో) మాటలు మొదలయ్యాయనీ, ఇళ్లు నిలిచాయనీ ఆయన తర్వాత చెప్పారు.

ఇంకో సంగతి. వెర్మీర్ చిత్రంలో యువతి వెనక గోడ తరతరాలుగా ఖాళీగానే కనిపించేది. హంటర్ ఫొటోలోనూ గోడ బోసిగానే ఉంటుంది. 2021లో మరమ్మతు పూర్తయ్యేసరికి ఆ గోడమీద మన్మథుడు బయటపడ్డాడు. వెర్మీర్ వేసిన ఆ బొమ్మను ఆయన తదనంతరం ఎవరో రంగుతో కప్పేశారు. ఆమె చదివేది ప్రేమలేఖేనన్న ఊహకు ఇప్పుడు బలం వచ్చింది.

పాత చిత్రాలను ఇలా అనుకరించింది హంటర్ ఒక్కరే కాదు. 2020 లాక్‌డౌన్‌లో అమెరికాలోని గెట్టీ మ్యూజియం పిలుపునిస్తే, ఎందరో దుప్పట్లు, వంటసామానుతో ఇళ్లలోనే ప్రసిద్ధ చిత్రాలను అనుకరించారు. అదే ఏడాది క్యాలెండర్ కోసం చెన్నై ఫొటోగ్రాఫర్ వెంకట్ రామ్ సమంత, రమ్యకృష్ణ వంటి తారలను చిత్రకారుడు రవివర్మ నాయికలుగా చూపారు. సేవా సంస్థ కోసం తీసిన ఆ ఫొటోలు కంటికి ఇంపుగా ఉంటాయి. కానీ రవివర్మ చెప్పినదానికి అవి కొత్తగా ఏమీ చేర్చవు.

బెంగళూరు కళాకారిణి పుష్పమాల 2000–2004 మధ్య ఫొటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి చేసిన పని ఇంకా లోతైనది. రవివర్మ చిత్రంలోని వెన్నెల్లో కూర్చున్న స్త్రీగా పుష్పమాల తానే వేషం కట్టారు. వలస పాలకులు మనుషుల శరీరాలను కొలుస్తూ తీయించిన ఫొటోల పద్ధతిలోనూ తానే నిలబడ్డారు. దక్షిణాది స్త్రీ అంటే ఇలా ఉండాలన్న రూపం ఎవరెవరి చేతుల్లో తయారైందో ఆ రెండూ కలిపి చూస్తే తెలుస్తుంది.

ఇలాంటి ఫొటో ఎదురైతే మూలచిత్రాన్ని వెతికి పక్కన పెట్టుకోండి. ముందు చేతుల్లో ఏముందో చూడండి.