అంకెలు లేని లెక్కలు

‘‘ఏమబ్బీ, ఇంకా సదువుతానే ఉండావా?’’

సెలవులకు పులివెందుల వచ్చిన లెక్కల పరిశోధక విద్యార్థికి బస్సు దిగగానే ఎదురయ్యే ప్రశ్న ఇది. ‘పీహెచ్‌డీ’ అంటే వెంటనే రెండోది... ‘‘లెక్కల్లో ఇంకా కనిపెట్టేదేముంది?’’

ఉంది. బోలెడుంది!

డిగ్రీ దాకా లెక్కంటే జవాబు రాబట్టడం. ఎమ్మెస్సీలో చేరాక తీరే మారిపోతుంది. రియల్ అనాలిసిస్, ఆల్జీబ్రా, టోపాలజీ... పేజీలు తిప్పినా అంకెలు పెద్దగా కనిపించవు. జవాబు వాళ్లే ఇచ్చి, అది ఎందుకు నిజమో నిరూపించమంటారు.

ఇక్కడి పిల్లలకు దగ్గరున్నది కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం. అంతకుముందు శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రంగా ఉండి, 2006లో విశ్వవిద్యాలయమైంది. పరిశోధనకు జీతం లాంటిది రావడానికి ఒక ముఖ్యమైన దారి సీఎస్‌ఐఆర్ ‘నెట్’లో జేఆర్‌ఎఫ్ కొట్టడం. మూడు గంటలు, 200 మార్కులు. అందులో ‘సి’ విభాగమే అసలు పరీక్ష. ఒక్కో ప్రశ్నకు ఒకటికి మించి సరైన జవాబులు ఉండొచ్చు. అన్నీ గుర్తిస్తేనే మార్కులు... సగం తెలిస్తే సున్నా! గట్టెక్కితే 2023లో పెంచిన లెక్క ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, ఆ తరవాత 42 వేలు. లేదంటే ట్యూషన్లు, కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ రాత్రిళ్లు చదువుకోవాల్సిందే.

కెమిస్ట్రీ స్కాలరుకు ల్యాబు ఉంటుంది. లెక్కల స్కాలరుకు తెల్లకాగితం, పెన్ను. నెలల తరబడి రాసిన ఇరవై పేజీలూ మూడో పేజీలో దొర్లిన చిన్న పొరపాటుతో కుప్పకూలొచ్చు. కాగితం ముందు కూర్చున్నవాడు పని చేస్తున్నాడో, దిగులుపడుతున్నాడో ఇంట్లోవాళ్లకు తెలియదు. ఒక్కోసారి అతనికీ తెలియదు!

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివిన సి.ఆర్.రావు ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. అది దొరక్క 1941లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. తరవాత పాఠం చెబుతుంటే ఓ విద్యార్థి వేసిన ప్రశ్నకు జవాబు తోచలేదు. ఇంటికెళ్లి రాత్రంతా కూర్చుని సాధించారు. ఆ ఫలితమున్న వ్యాసం 1945లో అచ్చయింది. దానికి అంతర్జాతీయ గణాంక శాస్త్ర బహుమతి వచ్చింది 2023లో... 78 ఏళ్లకు!

అందరికీ ఒక్క రాత్రిలో తెల్లవారదు. పీహెచ్‌డీకి నాలుగైదేళ్లు పడుతుంది. చీనీ మొక్క నాటినా కాపుకొచ్చేది నాలుగైదేళ్లకే. అన్నేళ్లూ నీళ్లు పెట్టాల్సిందే, ఎదురుచూడాల్సిందే. ఆ లెక్క పులివెందుల రైతుకు ఒకరు చెప్పాలా!