లాంగ్ రైడ్ ప్రాక్టీస్‌లో స్పీడ్ కాదు, హార్ట్ రేట్ చూడండి!

ఫోన్‌లో స్పీడ్ 20 దాటితే ప్రాక్టీస్ బాగా జరిగినట్టేనా? 200 కిలోమీటర్ల బ్రెవే (టైమ్ లిమిట్‌లో పూర్తి చేయాల్సిన సైకిల్ రైడ్) కోసం నేనూ, మా ఆవిడా ప్రాక్టీస్ మొదలుపెట్టినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను.

వాడరేవు నుంచి చీరాల మీదుగా పర్చూరు దాకా ఇద్దరం హాయిగా 20లో వెళ్ళాం. మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు సముద్రపు గాలి ఎదురైంది. నేను పట్టుబట్టి అదే 20లో తొక్కాను. వెనక్కి తిరిగి చూస్తే తను లేదు. చీరాల దగ్గర ఆగాను. వచ్చి ఒకటే మాట అడిగింది: "నువ్వు నాతో తొక్కుతున్నావా, ఫోన్‌తోనా?"

లెక్క వేస్తే తప్పు నాదే. జీపీఎస్‌కి గాలి సంగతి తెలియదు. మన స్పీడ్ 20, ఎదురుగాలి 15 అయితే ఒంటికి తగిలే గాలి వేగం 35. గాలి అడ్డు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే దాదాపు 3 రెట్లు! ఆ కష్టం స్పీడ్‌లో కనిపించదు, హార్ట్ రేట్‌లో కనిపిస్తుంది.

ఇప్పుడు మా పద్ధతి ఇదీ:

- ఆయాసం లేకుండా మాట్లాడుతూ తొక్కగలిగినప్పటి హార్ట్ రేటే లిమిట్. ఎవరి లిమిట్ వాళ్ళదే. ఎవరిది దాటినా ఇద్దరం స్లో అవుతాం.
- గతుకుల రోడ్డు మీద వాచ్ సెన్సర్ తడబడొచ్చు. చెస్ట్ స్ట్రాప్ బెటర్.
- ఎదురుగాలిలో నేను ముందు, తను నా వెనకాలే. వెనకున్నవాళ్ళకి గాలి అడ్డు తగ్గుతుంది.

200 కిలోమీటర్ల బ్రెవేకి టైమ్ 13 గంటల 30 నిమిషాలు. ఆగిన టైమ్‌తో కలిపి సగటున 15 ఉంటే చాలు. ఇప్పుడు ఎదురుగాలిలో 16లోనే వస్తున్నాం. కానీ వాడరేవుకి ఇద్దరం కలిసే చేరుతున్నాం.