గుప్తరోగములు – నియత పరీక్షలు



ఈ సాయంకాలము నేను జెప్పబోవు మాట రచ్చబండపై సాధారణముగా వినబడునది కాదు. ముప్పదియేండ్లు పిల్లలకు వ్యాకరణము చెప్పినవాడు వృద్ధాప్యమున నిట్టి ప్రసంగమునకు దిగుటేమని కొంద రనుకొనవచ్చును. కారణము విన్నవించెదను.

మూడేండ్ల క్రిందట నా పూర్వశిష్యు డొకడు మా యింటికి వచ్చి, చాలసేపు మౌనముగా గూర్చుండి, తనకు స్త్రీలయందు గాక పురుషులయందే యనురాగ మనియు, అరచేతులలో మచ్చలు లేచి మానిన వనియు, పరీక్షకు బోయినచో నెవరి కంటనైన బడుదునేమో యని భయముగా నున్న దనియు జెప్పెను. నేను మొదట నొక పరుషవాక్యము పలికితిని. అది యిప్పటికిని నన్ను బాధించుచున్నది. మరునాడు వానితో నాసుపత్రికి బోయితిని.

రక్తపరీక్షలో దేలినది సవాయి. దీనినే ఫిరంగిరోగ మని పదునాఱవ శతాబ్దమున భావమిశ్రుడు భావప్రకాశమున వర్ణించినాడు. ఈ రోగపు మాయ యేమనగా, మొదట నొప్పిలేని పుండొకటి పుట్టి, కొన్ని వారములకు దానంతట నదియే మానును. పిమ్మట నొంటిపైని, అరచేతులలోను, అరికాళ్లలోను మచ్చలు లేచి యవియును మాయమగును. రోగి తనకు నయమైన దనుకొనును. క్రిమి మాత్రము లోపల దాగి, కాలక్రమమున గుండెను, మెదడును, కన్నులను చెఱుపగలదు. ఆ గుప్తదశలో దానిని పట్టియిచ్చునది రక్తపరీక్షయే. తొలిదశలో దొరికినచో 24 లక్షల యూనిట్ల బెంజథీన్ పెన్సిలిన్ సూదిమం దొక్కమారు చాలును. నా శిష్యునకు జరిగిన చికిత్స యంతియే.

సెగయు, క్లమీడియా యనునదియు నిట్టివే. పురుషులతో సంగమించు పురుషులలో నివి గొంతుకయందును, మలద్వారమునందును నే బాధయు లేక యుండవచ్చును. మూత్రము నొక్కదానినే పరీక్షించినచో నవి కనబడవు. ఆ యా తావులనుండి దూదిపుల్లతో దీసి చూడవలెను. రోగి నిజము దాచినచో వైద్యు డా తావులను చూడనే చూడడు. క్లమీడియాకు వాడు డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ల కుటుంబములోనిది. ఆ కుటుంబమున మొదటిదైన ఆరియోమైసిన్, భీమవరమున బుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనాధిపతిగా నున్న అమెరికా ప్రయోగశాలనుండి 1948లో వెలువడెను. ఈ మాట చెప్పుట నాకు బ్రీతి.

ఇక హెచ్.ఐ.వి. మన దేశమున నిది మొదట 1986లో మదరాసున కనుగొనబడెను. సోకిన పిమ్మట నేండ్ల తరబడి మనిషి యారోగ్యవంతునివలెనే తోచును. మందులను ప్రభుత్వము 2004 నుండి యుచితముగా నిచ్చుచున్నది. 2017 నుండి రోగము తేలిన ప్రతివానికిని నిచ్చుచున్నది. నియమముగా మందు మ్రింగుటచే రక్తమునందు క్రిమి పరీక్షకందనంతగా దగ్గి యట్లే నిలిచినవాని వలన సంగమముచే నితరులకు సోకదు. ప్రమాదము జరిగెనని తెలిసినచో 72 గంటలలోపల నాసుపత్రికి బోవలెను. సోకకుండ నాపు మందు గలదు.

ఇట్టివారు సంవత్సరమున కొక్కసారియైనను, పలువురితో సంబంధము గలవారు మూడు మొద లాఱు మాసముల కొకసారియు పరీక్ష చేయించుకొనవలెను. సోకిననాడే పరీక్షలో దొరకదు గావున, సందేహమున్నచో మూడు మాసములకు మరల చూపించుకొనుట మేలు. ప్రభుత్వాసుపత్రులలో ఐసీటీసీ యను కేంద్రములున్నవి, రుసుము లేదు. 2017 నాటి చట్టము ప్రకారము సమ్మతి లేక పరీక్షింపరాదు, ఫలితమును వెల్లడింపరాదు.

చట్టభయ మిప్పుడు లేదు. వయోజనుల సమ్మతితో నేకాంతమున జరుగు నట్టి సంబంధము నేరము కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6వ తేదీన దీర్పు చెప్పినది. ప్రపంచారోగ్యసంస్థ 1990లోనే దీనిని వ్యాధుల పట్టికనుండి తొలగించెను. పెండ్లిచేసిన కుదురుననుకొని యొక యాడపిల్లను దెచ్చి కట్టబెట్టు పెద్దలను నేనెఱుగుదును. అందువలన కుదిరిన దేమియు లేదు. పరీక్షింపని రోగ మా పిల్లకును సోకినది.

మీ యూర నిట్టి యువకు డెవడైన మీతో మనసు విప్పినచో, 1097 అను నుచిత ఫోను సంఖ్య చెప్పుడు. పట్టణమునకు తోడుగా బోవుటకు వీలున్నచో బొండు. నా శిష్యు డాఱు మాసముల కొకసారి తానే పోయివచ్చి నాకు ఫోను చేయుచున్నాడు.