వరద పోయింది, కళ్లు ఎర్రబడ్డాయి

ఎలుక మూత్రంతో వచ్చే జ్వరం మనిషి మరిచిపోయాక కంటిలో తేలుతుంది

1993 చివర్లో మదురై పరిసరాలను భారీ వరదలు ముంచెత్తాయి. నీళ్లు తీశాయి, జనం పొలం పనుల్లో పడ్డారు. మరికొద్ది నెలలకే అరవింద్ కంటి ఆసుపత్రికి ఒకే తరహా రోగులు రాసాగారు. ఎర్రబడిన కన్ను, మసక చూపు, వెలుతురు భరించలేకపోవడం. కంటి లోపలి పొరల వాపు, అంటే యువైటిస్. అక్కడక్కడా ఒక్కరొక్కరికి వచ్చే జబ్బు ఇలా గుంపుగా రావడమే వింత.

డాక్టర్ ఎస్.ఆర్. రత్తినం బృందం కూపీ లాగితే తేలింది లెప్టోస్పైరోసిస్. జనం భాషలో ఎలుక జ్వరం. కంటిలోని ద్రవంలోనే ఆ బాక్టీరియా డీఎన్ఏ దొరికింది. 73 మంది రోగుల వివరాలతో 1997లో 'అమెరికన్ జర్నల్ ఆఫ్ ఆఫ్తాల్మాలజీ'లో వ్యాసం వెలువడింది.

ఎలుకలు, పశువులు, కుక్కల మూత్రంతో ఈ బాక్టీరియా నీటిలో, బురదలో చేరుతుంది. కాలి పగుళ్ల గుండా, కంటి పొరల గుండా ఒంట్లోకి దూరుతుంది. ముదిరితే కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి, ప్రాణమే పోవచ్చు. చాలామందికి మాత్రం ఒళ్లునొప్పులతో నాలుగు రోజుల జ్వరం, అంతే. మలేరియానో, ఫ్లూనో అనుకుని ఊరుకుంటారు. కన్ను వాచేది వారాల తర్వాత, ఒక్కోసారి నెలల తర్వాత. అప్పటికి ఆ జ్వరం ఎవరికి గుర్తు? నాట్లు వేసే కూలీకి, మురుగు కాలువ దిగే కార్మికుడికి, పాలు పితికే ఇల్లాలికి ఈ రెంటికీ లంకె తట్టదు. డాక్టరు అడిగితేనే బయటపడుతుంది.

నిజానికి కన్ను సంగతి కొత్తదేమీ కాదు. 1886లో జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ వీల్ ఈ జబ్బును వర్ణించాడు. కంటి వాపునూ గమనించాడు. పశువైద్యులకైతే మరీ పాత కథ. గుర్రాల్లో తిరగబెట్టే కంటి వాపునకు ఇదో ముఖ్య కారణం. చంద్రుడి కళలతో పాటు వచ్చిపోతుందనుకుని పాశ్చాత్యులు దానికి 'మూన్ బ్లైండ్‌నెస్' అని పేరు పెట్టారు.

ఊరట ఏమిటంటే, సకాలంలో స్టెరాయిడ్ చుక్కలు, మందులు పడితే చాలామందికి చూపు తిరిగొస్తుంది. కొందరికి శుక్లం త్వరగా ముదురుతుంది, దానికి ఆపరేషన్ ఉంది. చిక్కల్లా కారణం పట్టుకోవడంలోనే.

2005లో ముంబై వరదల తర్వాత ఈ జ్వరం విజృంభించింది. 2018 వరదలప్పుడు కేరళ ప్రభుత్వం ముందుజాగ్రత్తగా డాక్సీసైక్లిన్ మాత్రలు పంచింది. జ్వరాల లెక్క తీయడం మన యంత్రాంగానికి అలవాటైంది. వరద తగ్గిన ఆర్నెల్లకు కంటి డాక్టరు తలుపు తట్టేవారు మాత్రం ఆ లెక్కలోకి రావడం అరుదు.