వ్రాతపత్రం లేని ఉమ్మడి అద్దె నివాసం: చెల్లుబాటు, బాధ్యత, రుజువు

వ్యాససంగ్రహం: ఒకే ఫ్లాట్‌ను పలువురు పంచుకొని, ఒప్పందపత్రం లేకుండా అద్దెకు ఉండటం నగరాలలో సర్వసాధారణం. ఇటువంటి నివాసానికి చట్టంలో చోటు లేదనే అభిప్రాయం సరికాదని, అసలు చిక్కు చెల్లుబాటులో కాక నివాసుల పరస్పర సంబంధంలోను, రుజువులోను ఉందని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: నోటిమాట లీజు, ఉమ్మడి అద్దె, ఉప అద్దె, లైసెన్సు, అడ్వాన్సు.

1. ఉపోద్ఘాతం:
హైదరాబాదులోని తార్నాక, హబ్సిగూడ, అమీర్‌పేట వంటి ప్రాంతాలలో పరిశోధక విద్యార్థులు, ఉద్యోగార్థులు ముగ్గురు నలుగురు కలిసి ఒక ఫ్లాట్ తీసుకోవడం పరిపాటి. ఒకరు యజమానితో మాట్లాడి అడ్వాన్సు ఇస్తారు. మిగిలినవారు తమ వాటాను అతనికి చెల్లిస్తారు. ఒకరు ఖాళీ చేస్తే, కొత్తగా చేరేవారు ఆ వాటాను వెళ్ళేవారి చేతిలో పెడతారు. కొన్నేళ్ళకు యజమానికి అడ్వాన్సు ఇచ్చినవారెవరూ ఆ ఇంట్లో మిగలరు. చివరివారు ఖాళీ చేసేటప్పుడు ఆ సొమ్ము ఎవరికి తిరిగి రావాలన్నది వివాదమవుతుంది.

2. నోటిమాట లీజు చెల్లుబాటు:
ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 107వ సెక్షన్ ప్రకారం ఏటేటా సాగే లీజు, ఏడాదికి మించిన లీజు, వార్షిక అద్దె నిర్ణయించిన లీజు రిజిస్టరు పత్రం ద్వారానే ఏర్పడాలి. తక్కినవి నోటిమాటతో, ఇంటిని స్వాధీనపరచడంతో ఏర్పడవచ్చు. వేరే ఒప్పందం లేనప్పుడు నివాసగృహపు లీజును 106వ సెక్షన్ నెలసరి లీజుగా పరిగణిస్తుంది. 15 రోజుల లిఖిత నోటీసుతో ఇరుపక్షాలలో ఎవరైనా దానిని ముగించవచ్చు. పత్రం రిజిస్టరు కాకపోయినా, స్వాధీనాన్ని, అద్దె చెల్లింపును బట్టి అద్దె సంబంధాన్ని గుర్తించవచ్చని ఆంథొనీ వర్సెస్ కె.సి. ఇట్టూప్ అండ్ సన్స్ (2000) కేసులో సుప్రీంకోర్టు పేర్కొంది.

తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉన్నా, మునిసిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలు మించిన అద్దెగల ఇళ్ళకు అది వర్తించదు. కనుక హైదరాబాదులోని చాలా ఫ్లాట్లకు 1882 చట్టమే ఆధారం.

3. ఎవరు ఎవరికి అద్దెదారు?
ఉమ్మడి నివాసంలో మూడు స్థితులు కనిపిస్తాయి.

అ) ఉమ్మడి అద్దెదారులు: అందరూ కలిసి యజమానితో ఒప్పుకొన్నవారు. భారత ఒప్పందాల చట్టం, 1872లోని 43వ సెక్షన్ ప్రకారం, వేరే షరతు లేనప్పుడు, యజమాని వీరిలో ఏ ఒక్కరినుంచైనా మొత్తం అద్దె కోరవచ్చు. ముగ్గురు కలిసి 18,000 రూపాయలకు ఒప్పుకొన్న ఇంట్లో ఇద్దరు చెల్లించకపోతే, మూడవవారు మొత్తం చెల్లించి, తోటివారినుంచి వారి వాటాలు రాబట్టుకోవలసి ఉంటుంది.

ఆ) ఉప అద్దెదారు: అసలు అద్దెదారునుంచి గదిని అద్దెకు పొందినవారు. వీరి ఒప్పందం అతనితోనే గాని యజమానితో కాదు.

ఇ) లైసెన్సీ: నివసించడానికి అనుమతి మాత్రమే పొందినవారు. పేరు ఏదైనా, ఆ చోటుపై ప్రత్యేక స్వాధీనం ఉన్నదా అన్నది ముఖ్యమైన ప్రమాణమని అసోసియేటెడ్ హోటల్స్ ఆఫ్ ఇండియా వర్సెస్ ఆర్.ఎన్. కపూర్ (1959) తీర్పు సూచిస్తుంది. ఒకే గదిలో మంచం మాత్రమే పొందినవారు ఈ ప్రమాణానికి నిలవడం కష్టం.

ఈ భేదం కేవలం పారిభాషికమైనది కాదు. స్వాధీనంలో ఉన్న అద్దెదారును చట్టప్రకారం కాక తాళం వేసి వెళ్ళగొడితే, నిర్దిష్ట ఉపశమన చట్టం, 1963లోని 6వ సెక్షన్ కింద 6 నెలలలోపు దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు. లైసెన్సీకి ఇంతటి రక్షణ సాధారణంగా లభించదు.

4. రుజువు:
పత్రం లేనప్పుడు ప్రవర్తనే సాక్ష్యం. అద్దెను నగదుగా కాక బ్యాంకు లేదా యూపీఐ ద్వారా, నెల పేరు పేర్కొంటూ చెల్లించడం మొదటి ఆధారం. ఎలక్ట్రానిక్ రికార్డులను భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 63వ సెక్షన్ నిర్దేశించిన ధ్రువీకరణతో న్యాయస్థానంలో దాఖలు చేయవచ్చు. అడ్వాన్సు చేతులు మారిన ప్రతిసారీ వెళ్ళేవారు, వచ్చేవారు, మొత్తం, తేదీ తెలుపుతూ యజమానికి సందేశం పంపి, అంగీకారం పొందడం అంతకన్నా కీలకం. ఆ అంగీకారం లేనిదే, కొత్తగా చేరినవారి సొమ్ముకు యజమాని బాధ్యుడని నిరూపించడం కష్టమవుతుంది.

5. ముగింపు:
వ్రాతపత్రం లేకపోవడంవల్ల అద్దెదారు హక్కు కోల్పోడు. దానిని నిరూపించవలసిన భారాన్ని మాత్రం మోస్తాడు. ఉమ్మడి నివాసంలో ఆ భారం చివరగా చేరినవారిపై అధికంగా పడుతుంది. యజమాని పేరు, నివాసుల పేర్లు, ఒక్కొక్కరి అడ్వాన్సు వాటా, నోటీసు గడువు పేర్కొని అందరూ సంతకం చేసిన ఒక్క పుట ఈ చిక్కులలో అధికభాగాన్ని నివారించగలదు.