తుపాకీకి తుప్పు గండం

బస్తర్ అడవుల్లో రైఫిల్ గొట్టానికి తూటాతోపాటు తేమా శత్రువే. తుడిచే పద్ధతి తప్పితే తుడుపు కూడా దాన్ని అరగదీస్తుంది

2025 అక్టోబర్ 17న ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్‌లో 210 మంది మావోయిస్టులు లొంగిపోయారు. వారు అప్పగించిన 153 ఆయుధాల్లో 19 ఏకే-47లు, 23 ఇన్సాస్‌లు, 17 ఎస్‌ఎల్‌ఆర్‌లు ఉన్నాయి. వాటితోపాటు 36 పాత త్రీనాట్‌త్రీ రైఫిళ్లూ బయటపడ్డాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో సిపాయిలు మోసిన బాపతు రైఫిల్ ఇప్పటికీ అడవిలో తిరిగిందంటే దానికి ఉక్కు గట్టిదనం ఒక్కటే కారణం కాదు. ఎవరో ఒకరు దాని గొట్టాన్ని తుడుస్తూ వచ్చి ఉండాలి.

జగదల్‌పూర్‌కు దక్షిణంగా, సుక్మా జిల్లాలో ఉన్న చింతలనార్ పేరు దేశమంతటికీ తెలిసింది 2010లోనే. గోండిలో నార్ అంటే ఊరు. ఆ ఏడాది ఏప్రిల్ 6న ఆ ఊరికి సమీపంలోని తాడ్‌మెట్ల వద్ద, గస్తీ నుంచి తిరిగొస్తున్న సీఆర్‌పీఎఫ్ 62వ బెటాలియన్ జవాన్లపై మావోయిస్టులు మాటువేసి విరుచుకుపడ్డారు. 75 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు, ఒక రాష్ట్ర పోలీసు ప్రాణాలు కోల్పోయారు. వారి ఆయుధాలను దాడిచేసినవారు ఎత్తుకుపోయారు. బీఎస్‌ఎఫ్ మాజీ డైరెక్టర్ జనరల్ ఇ.ఎన్. రామ్మోహన్ జరిపిన విచారణ నాయకత్వ లోపాలను ఎత్తిచూపింది. ఆ ఘోరాన్ని తుపాకుల మీదికి నెట్టలేం. కానీ ఇలాంటి దాడుల వల్ల ఒకే బాపతు రైఫిళ్లు అటు శిబిరాల్లోనూ ఇటు అడవిలోనూ ఒకే వానకు తడిశాయి. ఆర్మరర్ ఉన్న శిబిరానికీ, లేని దళానికీ వాటి సంరక్షణ ఒకే పరీక్ష పెట్టింది.

వేడి తినేది ఒక చోట

రైఫిల్ గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులుంటాయి. అవే తూటాను బొంగరంలా తిప్పి గురివైపు నిలకడగా పంపుతాయి. తూటా పేలినప్పుడు పుట్టే వాయువుల వేడి 2,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అది నిలిచేది సెకనులో వెయ్యో వంతుల కాలమే అయినా, చాంబర్ దాటి గాడులు మొదలయ్యే చోట ఉక్కు పైపొరను దెబ్బతీస్తుంది. అక్కడ సన్నని పగుళ్లు పుట్టి, ఒక్కో తూటాతో కాస్తంత లోహం కొట్టుకుపోతుంది. గొట్టం చల్లారనివ్వకుండా వరుసగా కాలిస్తే ఈ అరుగుదల ఎన్నో రెట్లు పెరుగుతుంది.

బ్రిటిష్ సైన్యం ఈ పాఠాన్ని 19వ శతాబ్దం చివర్లోనే నేర్చుకుంది. లీ-మెట్‌ఫర్డ్ రైఫిల్‌లో గాడులు లోతు తక్కువగా, అంచులు గుండ్రంగా ఉండేవి. నల్లమందు వాడినంతకాలం ఇబ్బంది రాలేదు. అంతకంటే వేడిగా మండే కార్డైట్ వచ్చాక అవి త్వరగా అరిగిపోయాయి. దాంతో 1895లో లోతైన గాడులున్న లీ-ఎన్‌ఫీల్డ్ వచ్చింది. మన త్రీనాట్‌త్రీ దాని వారసురాలే. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ వీటిని దశాబ్దాలపాటు తయారుచేసింది.

తేమ తినేది అంతటా

బస్తర్‌లో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గాలిలోనే నీరుంటుంది. కాల్చని తుపాకీకీ ఆ కాలంలో తుప్పు భయం తప్పదు. పాతకాలపు తూటాలైతే ముప్పు రెట్టింపు. వాటి ప్రైమర్‌లోని పొటాషియం క్లోరేట్ మండి, గొట్టంలో ఉప్పు లాంటి పొటాషియం క్లోరైడ్‌ను మిగులుస్తుంది. అది గాలిలోని తేమను పీల్చుకుని ఉక్కును తొలిచేస్తుంది. నూనెకు ఆ ఉప్పు కరగదు, నీళ్లకే కరుగుతుంది. అందుకే వెనకటి సిపాయిలు కాల్పులయ్యాక గొట్టంలో మరిగే నీళ్లు పోసి కడిగి, ఆరాక నూనె పట్టించేవారు. తుపాకీలో నీళ్లు పోయడమేమిటని చూసేవారికి వింతగా తోచినా, దాన్ని బతికించింది ఆ నీళ్లే.

ఎన్‌సీసీలో చేరిన కుర్రాళ్లకూ తెలిసిన సరంజామా పుల్‌త్రూ. ఒక చివర బరువు, మరో చివర గుడ్డముక్క దూర్చే ఉచ్చు ఉన్న తాడు అది. గుడ్డముక్కను జవాన్లు చిందీ అంటారు. తుడవడానికి 4 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు ముక్క. నూనె పట్టించడానికి ఒకటిన్నర అంగుళాల వెడల్పుది. బరువును చాంబర్ వైపు నుంచి వదిలి, తూటా వెళ్లే దారిలోనే మూతి వైపు ఒకే ఊపున లాగాలి. తాడును పక్కకు వంచి లాగితే అది రంపంలా మూతి అంచును కోస్తుంది. తూటా గొట్టాన్ని విడిచే చివరి చోటు అదే కాబట్టి, అక్కడ అంచు ఒక పక్కకు అరిగితే గురి తప్పుతుంది. ఏకే రైఫిల్‌ను మూతి వైపు నుంచే కడ్డీతో తుడవాలి. కడ్డీ అంచుకు రాసుకోకుండా దాని కిట్‌లో ఒక మూత కూడా ఇస్తారు. చిన్న వస్తువే కదా అని దాన్ని పారేస్తే అరుగుదల మొదలైనట్లే. కాల్పులకు ముందు గొట్టంలోని నూనెను తుడిచేయడమూ అంతే ముఖ్యం. నూనె మిగిలితే మొదటి తూటా దారి తప్పవచ్చు.

మెరుపును నమ్మలేం

ఏకే గొట్టం లోపల క్రోమియం పూత ఉంటుంది. అది తుప్పునూ వేడినీ చాలావరకు అడ్డుకుంటుంది. అయితే పూత పగిలిన చోట తేమ కిందికి దిగుతుంది. అద్దంలా మెరిసే గొట్టం కూడా అరిగి ఉండవచ్చు. లోపల నల్లబడిన గొట్టం గురి తప్పకుండా కాల్చనూవచ్చు. తేల్చాల్సింది కన్ను కాదు, ఆర్మరర్ చేతిలోని గేజ్, ఆపైన గురిపలక మీద తూటాలు పడిన తీరు.

గొట్టం అరగడం, తుపాకీ మొరాయించడం ఒకటి కాదన్నది తరచూ మరుగున పడుతుంది. అరిగిన గొట్టం గురి తప్పిస్తుంది. చాంబర్‌లో, గ్యాస్ సిలిండర్‌లో పేరుకున్న మసి తుపాకీని ఆపేస్తుంది. ప్రతి తూటాకూ చేత్తో బోల్టు లాగాల్సిన త్రీనాట్‌త్రీకి గ్యాస్ సిలిండరే లేదు. దాని దీర్ఘాయుష్షుకు ఇదొక కారణం. ఇన్సాస్ విషయంలో ఈ తగువు దేశం దాటింది. 2005 ఆగస్టులో నేపాల్‌లోని కాలికోట్ జిల్లాలో మావోయిస్టుల చేతిలో 43 మంది సైనికులు మరణించాక, పోరు మధ్యలో ఇన్సాస్‌లు మొరాయించాయని నేపాల్ సైన్యం ఆరోపించింది. వాడకంలో లోపం ఉండవచ్చని, కావాలంటే శిక్షణ ఇస్తామని భారత రాయబార కార్యాలయం బదులిచ్చింది. 2014లో సీఆర్‌పీఎఫ్ కూడా ఇన్సాస్‌ల బదులు ఏకేలు కావాలని కోరింది. శుభ్రత తుపాకీ ఆయుష్షు పెంచుతుందే తప్ప దాని నిర్మాణ లోపాన్ని పూడ్చదు. అలాగని ఎంత మేలైన తుపాకీ అయినా అశ్రద్ధను తట్టుకోలేదు.

ఈ అరుగుదల న్యాయస్థానం దాకా వెళ్తుంది. త్రీనాట్‌త్రీ గొట్టంలో సాధారణంగా ఎడమకు తిరిగే 5 గాడులు, ఏకేలో కుడికి తిరిగే 4 గాడులు ఉంటాయి. శరీరంలోంచి తీసిన తూటా మీది గీతలను చూసి అది ఏ రకం రైఫిల్‌దో ఫోరెన్సిక్ నిపుణులు చెప్పగలరు. కానీ కచ్చితంగా ఏ రైఫిల్‌దో తేల్చేవి అంతకంటే సన్నని గీతలు. కాల్చేకొద్దీ, తుప్పు తొలిచేకొద్దీ ఆ గీతలు మారిపోతుంటాయి. అడవిలో ఏళ్ల తరబడి చేతులు మారిన రైఫిల్ ఎక్కడి నుంచి పోయిందో దాని మీది నంబర్ చెబుతుంది. అది ఎవరి ప్రాణం తీసిందో చెప్పాల్సిన గొట్టం మాత్రం అప్పటికే మాట మార్చేసి ఉండవచ్చు.